మీటరు లేని సంసారాలు

ఒకటో తారీఖు పొద్దున మా వీధి చివరి ఇంట్లో ఓ తంతు జరుగుతుంది. మేడమీద ఉండే ఇల్లుగలావిడ పాత నోటుపుస్తకం చంకన పెట్టుకుని మెట్లు దిగి వస్తుంది. మెట్లకింద గూట్లో, చెప్పుల స్టాండు పైన, రెండు సబ్‌మీటర్లు బిగించి ఉంటాయి. సెల్‌ఫోను లైటు వేసి వాటి అంకెలు చూస్తుంది. అందులోంచి పోయిన నెల అంకె తీసేస్తుంది. మిగిలినదాన్ని పదితో హెచ్చవేస్తుంది. "తొంభై యూనిట్లమ్మా, తొమ్మిదొందలు. అద్దెతో కలిపి ఇచ్చెయ్యి" అని కింద పోర్షన్ గుమ్మంలో చెప్పి, పక్క పోర్షన్ తలుపు కొడుతుంది.

కింద పోర్షన్‌లో ఉండేది నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన ఆటో నడుపుతాడు. ఆవిడ జాకెట్లు కుడుతుంది. నా జాకెట్లూ ఆవిడ దగ్గరే. మొన్న ఆది జాకెట్టు ఇవ్వడానికి వెళ్తే అడిగింది.

"అక్కా, మీరు పేపర్లకు రాస్తరు కదా, ఒకటి అడుగుత. 2025ల కొత్త రేషన్ కార్డులిచ్చినప్పుడు మాకు సుత వచ్చింది. నెలకు వంద యూనిట్లు కూడా దాటం. అందరికీ సున్నా బిల్లు వస్తున్నది. మాకెందుకు వస్తలేదు?"

జవాబు ఆవిడకి తెలియక కాదు. "మీటరే లేకపాయె. బిల్లెక్కడిది, సున్నా ఎక్కడిది" అని తనే నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇంటికి కరెంటు వాళ్ళిచ్చిన మీటరు ఒక్కటే. అది మేడమీది వాళ్ళ పేరుతో ఉంది. కిందున్న రెండూ ఎలక్ట్రికల్ కొట్లో కొనుక్కొచ్చి బిగించినవి. సర్కారు లెక్కలో ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే సంసారం. నెలకి 360 యూనిట్లు కాల్చే కలిగిన సంసారం!

తెలంగాణలో గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి నెలాఖరున మొదలైంది. మార్చి నుంచి సున్నా బిల్లులు రావడం మొదలెట్టాయి. రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకి 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటితే మాత్రం మొత్తం కట్టుకోవాల్సిందే. అద్దెకున్న వాళ్ళకీ ఇది వర్తిస్తుందని ప్రభుత్వం అప్పుడే స్పష్టంగా చెప్పింది. మీటరు ఇల్లుగలవాళ్ళ పేరు మీద ఉన్నా సరే, అద్దెకున్నవాళ్ళ రేషన్ కార్డుని ఆ మీటరు నంబరుకి జతచేసుకోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది.

అయితే 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆ ఫారంలో కరెంటు మీటరు కనెక్షన్ నంబరు రాయమని ఒక గడి ఉంది. గుర్తుందా? ఎంతమంది ఆడవాళ్ళు ఆ గడి దగ్గర పెన్ను ఆపి పక్కవాళ్ళ మొహం చూశారో! సొంత ఇల్లున్నావిడ పాత బిల్లు తీసి చూసి రాసేసింది. అపార్ట్‌మెంటులో అద్దెకున్నావిడకీ ఇబ్బంది లేదు, ఫ్లాటుకో మీటరు ఉంటుంది కాబట్టి. చిక్కంతా పాత ఇళ్ళలో, ముందు గదులూ వెనక గదులూ విడదీసి అద్దెకిచ్చే చోట. మల్కాజిగిరి నుంచి వరంగల్ దాకా, విజయవాడ నుంచి రాజమండ్రి దాకా, చిన్న జీతాల వాళ్ళంతా ఉండేది అలాంటి వాటాల్లోనే కదా. అంటే ఉచిత కరెంటు ఎవరికి ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్ళకే మీటరు లేదన్నమాట.

సరే, ఆ ఇంటి లెక్క కాగితం మీద వేసి చూద్దామనుకున్నాను. కథలు రాసుకునేదాన్ని, లెక్కలంటే నాకు పెద్ద ప్రేమేం లేదు. పాలవాడి లెక్కే నెలకోసారి తప్పుతాను. అయినా ఇది చూశాక రాత్రి పదింటిదాకా డైనింగు టేబులు దగ్గర్నుంచి లేవలేదు.

కింది వాళ్ళు 90 యూనిట్లు. పక్క పోర్షన్ వాళ్ళు 110. ఇల్లుగలావిడ, బోరు మోటారుతో కలిపి, 160. మొత్తం 360. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకి 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లూ 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు, ఆపైన 400 దాకా 9 రూపాయలు. ఈ లెక్కన 360 యూనిట్లకి 2,330 రూపాయలవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వీటన్నిటినీ పక్కన పెడుతున్నాను.

ఇప్పుడు ముగ్గురికీ మూడు మీటర్లున్నాయనుకోండి. వంద లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లూ 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 50 యూనిట్లూ 3 రూపాయల 10 పైసలు. జాకెట్లు కుట్టేవాళ్ళ 90 యూనిట్లకి 221 రూపాయల 50 పైసలు. వంద దాటి 200 లోపు వాడేవాళ్ళకి మొదటి వంద 3 రూపాయల 40 పైసలు, రెండో వంద 4 రూపాయల 80 పైసలు. పక్క పోర్షన్‌కి 388. మేడమీద 628. మూడూ కలిపితే 1,237 రూపాయల 50 పైసలు. ముగ్గురూ అవే లైట్లు వేసుకున్నారు, అవే ఫ్యాన్లు తిప్పుకున్నారు. మీటరు ఒకటే అయినందుకు నెలకి 1,092 రూపాయల 50 పైసలు అదనంగా పోతున్నాయి. ఏడాదికి 13,110. మూడు మీటర్లకి మూడు కస్టమర్ ఛార్జీలు పడతాయి కాబట్టి తేడా కాస్త తగ్గుతుందనుకున్నా, తగ్గాల్సింది కాస్తే.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. నేను లెక్క మొదలెట్టినప్పుడు యూనిట్‌కి పది రూపాయలు గుంజుతున్న మేడమీది ఆవిడ మీద కోపంగానే ఉన్నాను. అద్దెకున్న ఆడవాళ్ళు నలుగురు చేరితే వచ్చే మాట అదే కదా, "కరెంటు మీద కూడా సంపాయిస్తది" అని. తీరా చూస్తే ఆవిడ ఒక్కతే ఉంటే 628తో పోయేది. కింది వాళ్ళ 200 యూనిట్లు వచ్చి చేరబట్టి 2,330 అయింది. అంటే ఆ 200 యూనిట్ల వల్ల పెరిగిన బిల్లు 1,702 రూపాయలు. యూనిట్‌కి ఎనిమిదిన్నర పడుతోంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, మెట్ల లైటు, మోటారు కూడా చూసుకుని పదంటోంది. ఆవిడ మరీ అన్యాయం చేస్తోందని ఎలా అనను? ఆ వెయ్యి రూపాయల్లో సింహభాగం ఆవిడ కొంగున పడటం లేదు, కింది వాళ్ళ కొంగునా మిగలడం లేదు. శ్లాబులో కలిసిపోతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళు ఈ గొడవ మాది కాదనుకోకండి. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8 రూపాయల 75 పైసలు. తలా 120 యూనిట్లు వాడే మూడు కుటుంబాలు వేరువేరు మీటర్ల మీద కడితే 1,183 రూపాయల 50 పైసలు. ఒకే మీటరు మీదైతే 2,198 రూపాయల పావలా. అక్కడా పోయేది వెయ్యే.

డబ్బు సంగతి ఒకెత్తు. మీటరు వేరే వాళ్ళ చేతిలో ఉంటే ఆడదాని రోజు ఎలా గడుస్తుందో అది ఇంకో ఎత్తు. అద్దె కొంపల్లో సంసారం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "ఇస్త్రీ పెట్టె వారానికోసారే పెట్టుకోమ్మా", "గ్రైండరు పగలు వేసుకోకు, మేడమీద ఓల్టేజీ పడిపోతోంది", "ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు, రాత్రంతా ఫ్యాన్లు తిరిగాయి." నా జాకెట్లు కుట్టే ఆవిడ కాలితో తొక్కే మిషన్‌కి మోటారు పెట్టించుకుంటానంటే ఇల్లుగలావిడ ఒప్పుకోవడానికి ఆరు నెలలు పట్టింది. "మిషన్ తిరిగితే బిల్లు తిరుగుద్ది" అని భయం. ఇంట్లో కుట్టుకునే మిషన్ మోటారు వంద వాట్లకి అటూ ఇటూ ఉంటుంది. పది గంటలు ఆపకుండా కుడితే ఒక్క యూనిట్. ఆ ఒక్క యూనిట్ కోసం ఆరు నెలలపాటు ఆవిడ మోకాళ్ళ నొప్పులతో తొక్కింది.

అదే బోరు మోటారు సంగతి చూడండి. ఒక హెచ్‌పీ మోటారు రోజుకో గంట తిరిగితే నెలకి 22 యూనిట్లు దాటుతుంది. ఆ తీగ ఏ మీటరు లోంచి వెళ్ళిందో ఎవరూ అడగరు. మా బంధువుల ఇంట్లో రెండేళ్ళ పాటు మెట్ల లైటూ, గేటు లైటూ కింద వాటావాళ్ళ సబ్‌మీటరు మీద వెలిగాయి. కావాలని చేసింది కాదు, వైరింగు చేసిన కుర్రాడికి ఏ తీగ దగ్గరగా ఉంటే అది కలిపేశాడు. ఇది కనిపెట్టడం పెద్ద విద్యేం కాదు. ఓ మధ్యాహ్నం మీ పోర్షన్‌లో స్విచ్చులన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి మీటరు ముందు నిలబడండి. చిన్న ఎర్ర లైటు ఇంకా మిణుకుమంటోందంటే మీది కాని కరెంటు ఏదో మీ లెక్కలోకి వస్తోందన్నమాట. కరెంటు వాళ్ళ మీటరు తప్పు తిరుగుతోందనుకుంటే పరీక్ష చేయమని అడగొచ్చు. కొట్లో కొన్న సబ్‌మీటరు గురించి ఎవర్ని అడుగుతాం?

చట్టం ఏమంటోంది? 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఒక ఇంటికి కరెంటు అడిగే హక్కు ఆ ఇంటి యజమానికే కాదు, అందులో ఉంటున్న వాళ్ళకీ ఉందంటోంది. ఈ సెక్షన్‌లో ఆ ఒక్క మాటే మనకి ముఖ్యం. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకా విడమర్చి చెప్పింది. కరెంటు కనీస సౌకర్యం, ఇల్లుగలవాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో అద్దెకున్న మనిషికి కాదనడానికి వీల్లేదు, దరఖాస్తు పెట్టిన మనిషి నిజంగా ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే చూడాలి అని. కనెక్షన్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నదానికీ గడువుంది. 2020లో వచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల్ని 2024 ఫిబ్రవరిలో సవరించి మహానగరాల్లో 3 రోజులు, మిగతా పట్టణాల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజులు అన్నారు.

చదవడానికి ఎంత బాగుంది! కానీ పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్న ఇల్లాలు సుప్రీంకోర్టు తీర్పు చేత పట్టుకుని సెక్షన్ ఆఫీసుకి వెళ్తుందా? వెళ్ళినా అక్కడ మొదట అడిగేది, "ఇంటి కాగితాలు తెచ్చారా?" అని. ఇంటి కాగితాలు ఇల్లుగలావిడ బీరువాలో ఉంటాయి. ఆవిడ వద్దన్నా తెచ్చుకున్న మీటరు గోడ మీద వెలుగుతుంటే, మరుసటి నెల "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఖాళీ చెయ్యండి" అంటారు. పిల్ల బడి దగ్గరగా ఉందని, ఆయన పనికి అనుకూలమని వెతుక్కున్న ఇల్లు. మీటరు గెల్చుకుని ఇల్లు పోగొట్టుకుంటామా? అందుకే ఈ విషయంలో ఇల్లుగలవాళ్ళని పక్కన పెట్టి ఎంత చట్టం మాట్లాడుకున్నా అంగుళం కదలదు. వాళ్ళ భయాలేమిటో వినాలి.

నేను ఓ రోజు మధ్యాహ్నం మేడ మీదికే వెళ్ళాను. ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్ళు. పెన్షన్ లేదు. ఆ రెండు అద్దెలే ఆధారం. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పింది. "మీటరు వాళ్ళ పేరుతో పెడితే రేపు ఇల్లు మాదే అంటారని మా మరిది హెచ్చరించాడు." ఇది చాలా మందిలో ఉన్న భయం. కరెంటు బిల్లు మనిషి ఎక్కడ ఉంటున్నదీ చెబుతుంది, ఇల్లు ఎవరిదన్నది చెప్పదు. ఇంటి మీద హక్కు రిజిస్టరయిన దస్తావేజుతో వస్తుంది. అసలు తెలంగాణలో సున్నా బిల్లు కోసం మీటరు అద్దెకున్నవాళ్ళ పేరు మీదికి మార్చనక్కర్లేదు కూడా. పోర్షన్‌కి విడి మీటరు ఇల్లుగలావిడ పేరుతోనే ఉండొచ్చు, కార్డు జతచేస్తే చాలు. ఈ మాట చెప్పాక ఆవిడ మొహం కాస్త తేటపడింది.

"బిల్లు కట్టకుండా ఎగ్గొట్టి పోతే?" అన్నది రెండో ప్రశ్న. దీన్ని తీసి పారెయ్యడానికి వీల్లేదు. ఒక ఇంటి మీద పాత బకాయి ఉంటే అది తీరేదాకా కొత్త కనెక్షన్ ఇవ్వబోమని విద్యుత్ సంస్థ నిబంధనల్లో ఉంటే అది చెల్లుతుందని 2023 మేలో సుప్రీంకోర్టే తేల్చింది. అద్దెకున్నవాళ్ళు మూడు నెలలది పెట్టి పోతే ఆ బరువు ఇంటి మీదే పడుతుందన్న భయం ఒట్టిది కాదు. దీనికి మందు అడ్వాన్సులోనే ఉంది. ఖాళీ చేసేటప్పుడు చివరి బిల్లు రశీదు చూపిస్తేనే అడ్వాన్సు వెనక్కి అని అగ్రిమెంటులో రాసుకోవచ్చు. ఢిల్లీలో ఇంకో దారి పట్టారు. 2019 ఆగస్టులో అక్కడ 200 యూనిట్ల దాకా ఉచితమన్నారు, సరిగ్గా మనకొచ్చిన చిక్కే అక్కడా వచ్చింది. అద్దె ఇళ్ళవాళ్ళు మిగిలిపోయారు. సెప్టెంబరులో వాళ్ళ కోసం విడిగా పథకం పెట్టారు. 3,000 రూపాయల డిపాజిట్టు కట్టి, అద్దె ఒప్పందమో రశీదో చూపిస్తే ప్రీపెయిడ్ మీటరు. ఇంటి యజమాని ఒప్పుకోలు అక్కర్లేదు. ముందే డబ్బు వేసుకునే మీటరు కాబట్టి బకాయి అన్న మాటే లేదు. ఇక్కడ మనవాళ్ళు సున్నా బిల్లుని తీసుకొచ్చినంత చురుగ్గా ఈ రెండో అడుగూ వేసి ఉంటే ఎంత బాగుండేది.

మూడోది ఖర్చు. డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్టు, మీటరు బోర్డు, పాత వైరింగు విడదీసి కొత్తది లాగించడం. ఇదంతా ఇంటికి చేరే ఆస్తే గనుక ఇల్లుగలవాళ్ళే పెట్టుకోవాలన్నది న్యాయం. కానీ నా లెక్క ప్రకారం విడి మీటర్లు వస్తే ఆవిడకి నెలకి 298 రూపాయలు నష్టం! ఇప్పుడు కింది వాళ్ళ దగ్గర 2,000 వసూలు చేసి, పైన 330 తను వేసి బిల్లు కడుతోంది. రేపు తన 628 తనే కట్టుకోవాలి. నష్టం తెచ్చుకోవడానికి పైన ఖర్చు కూడా పెట్టమంటే ఎవరు పెడతారు? కింద ఇద్దరికీ కలిపి మిగిలేది నెలకి 1,390 రూపాయలు, కార్డు ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. అందులోంచి అద్దె మీద తలా రెండొందలు పెంచుకున్నా అందరికీ లాభమే. ఈ మాట ఇద్దరి మధ్యా ఎవరూ కూర్చుని మాట్లాడరు. అద్దెకున్నావిడకి అడగడానికి మొహమాటం, ఇల్లుగలావిడకి లెక్క తెలియదు.

ఆవిడ చెప్పని నాలుగో భయాన్ని నేను గుంటూరులో విన్నాను. ఆంధ్రప్రదేశ్‌లో మీటరు ఇంకో రకంగా కుటుంబాల జాతకం రాస్తోంది. 2019-20లో కొత్త బియ్యం కార్డులిచ్చేటప్పుడు పెట్టిన షరతుల్లో, ఆ ఇంటి కరెంటు వాడకం నెలకి 300 యూనిట్లు దాటకూడదన్నది ఒకటి. 2025లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో ఒక్కో పిల్లకి 13,000 చొప్పున వేసినప్పుడూ 300 యూనిట్ల షరతు ఉంది. సొంత ఇల్లయినా, అద్దె ఇల్లయినా ఆధార్‌కి ఏ మీటరు కలిసి ఉంటే దాని లెక్కే. గుంటూరులో మా పెద్దమ్మ కూతురు ఉంటున్న ఇంట్లో మూడు వాటాలకి ఒకటే మీటరు. మూడు కుటుంబాల వాడకమూ ఈమె ఒక్కదాని నెత్తిన పడి, ఇద్దరు పిల్లల డబ్బు ఆగిపోయింది. సచివాలయం చుట్టూ నాలుగు వారాలు తిరిగింది. "మాది అద్దె వాటా బాబూ, మీటరు మాది కాదు" అంటే, "సిస్టంలో మీదే చూపిస్తోందమ్మా" అన్నారట.

దానికి ఎదురు వాటంగా జరిగిందీ అక్కడే. ఆ పక్కింటి ముసలావిడ ముచ్చటపడి వాటా వాటాకీ విడి మీటరు పెట్టించింది. అన్నీ తన పేరుతోనే. మూడు మీటర్లూ ఆవిడ ఆధార్ కిందికే వచ్చి, వాడకం కలిపితే 300 దాటిందని వితంతు పెన్షన్‌కి అడ్డు పడింది. అందరికీ మంచి చేద్దామని పోయి తన నోట్లో మట్టి కొట్టుకున్నట్టయింది. ఇక ఆ వీధిలో ఇంకెవరన్నా విడి మీటరు పెట్టిస్తారా? అద్దెకున్నవాళ్ళ మీటర్లని వాళ్ళ ఆధార్‌కి జతచేయించి, తన దానితో లెక్క విడదీయించుకోవాలి. చేయొచ్చు, కానీ డెబ్భై ఏళ్ళ మనిషి చేత చేయించే ఓపిక ఎవరికుంది?

నా దృష్టిలో అసలు మార్పు ఇది. మన అమ్మల కాలంలో మీటరంటే గోడకి తగిలించిన ఓ నల్ల డబ్బా. నెలకోసారి రీడింగు మనిషి వచ్చి చూసి పోయేవాడు. ఇప్పుడది ఇంటి సాక్ష్యం. ఎవరు పేదవాళ్ళు, ఎవరు కాదు, ఎవరికి సున్నా బిల్లు, ఎవరి పిల్లలకి బడి డబ్బు, ఎవరికి బియ్యం, అన్నిటికీ దాన్నే అడుగుతున్నారు. అంత పెద్ద పని దానికి అప్పజెప్పినవాళ్ళు ముందు ప్రతి పొయ్యికీ ఓ మీటరుందో లేదో చూడొద్దా? రేషన్ కార్డు ఇవ్వడానికి ఇంటికొచ్చి విచారణ చేసే సిబ్బందే, ఈ పోర్షన్‌కి మీటరుందా అని ఒక్క గడి అదనంగా రాసుకుంటే తెలిసిపోయేది. కార్డున్న అద్దె కుటుంబానికి విడి మీటరు పెట్టిస్తే ఇల్లుగలవాళ్ళ నుంచి డెవలప్‌మెంట్ ఛార్జీ తీసుకోబోమని ఒక్క ఉత్తర్వు చాలు, సగం మేడలు దిగివస్తాయి.

నీళ్ళ సంగతీ ఇలాంటిదే, ఓ మాట చెప్పి వదిలేస్తాను. హైదరాబాదులో 2020 డిసెంబరు నుంచి ఇంటికి నెలకి 20 కిలోలీటర్ల మంచినీళ్ళు ఉచితం. విడి ఇళ్ళకి పనిచేసే మీటరుండాలి, ఆధార్ జత చెయ్యాలి. పోర్షన్ల ఇంట్లో నల్లా కనెక్షన్ ఒకటే. ఉచితం ఇల్లుగలవాళ్ళకి వస్తుంది, అద్దెకున్నవాళ్ళు "నీళ్ళకి మూడొందలు" మామూలుగానే ఇస్తుంటారు. ఇది ఎక్కడా ఎవరూ అడగరు. అడిగితే నల్లా వదిలే టైము మారిపోతుంది.

కొత్త ఇంటికి మారేవాళ్ళు పాలు పొంగించడానికి ముందే మీటరు చూడండి. వంటింటి గట్టు ఎంత వెడల్పుందో చూస్తాం, బాత్రూము తలుపు గడియ చూస్తాం, మీటరు దగ్గరికి మాత్రం వెళ్ళం. అది కరెంటు వాళ్ళదా, కొట్లోదా? వాళ్ళదైతే బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరు అడిగి రాసుకోండి. దిగిన రోజు అంకె ఫోటో తీసి ఇల్లుగలవాళ్ళకి కూడా పంపండి. సబ్‌మీటరైతే యూనిట్‌కి ఎంతన్నదీ, మోటారు ఎవరి మీదన్నదీ అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి. అసలు బిల్లు నెలనెలా చూపించమని అడగడంలో తప్పు లేదు. కరెంటు కొని మళ్ళీ అమ్మాలంటే లైసెన్సు ఉండాలంటుంది చట్టం. ఇల్లుగలవాళ్ళందర్నీ దోషుల్ని చెయ్యడం నా ఉద్దేశం కాదు, బిల్లు దాచుకునే హక్కు మాత్రం వాళ్ళకి లేదు. గొడవ పడినప్పుడు ఫ్యూజు పీకేసే మహానుభావులూ ఉన్నారు. అద్దెకున్నవాళ్ళ సౌకర్యాలు అలా ఆపడాన్ని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే కాదంది.

నేను వేసిన లెక్క కాగితం మేడమీది ఆవిడ మూడుసార్లు చదివింది. 298 అన్న అంకె కింద గీత గీసింది. "సరే, అద్దె రెండొందలు పెంచితే వాళ్ళు ఒప్పుకుంటారా?" అంది. కిందికొచ్చి అడిగితే జాకెట్ల ఆవిడ, "రెండొందలా అక్కా, తొమ్మిదొందలు కట్టేదాన్ని కదా నేను" అంది. మోటారు ఎవరి మీటరు మీద ఉండాలన్న దగ్గర మళ్ళీ అరగంట వాదన. ఆఖరికి మేడమీద మీటరు మీదే ఉంచి, తలా యాభై ఇవ్వాలని తేలింది. లైన్‌మన్ వచ్చి చూసి, బోర్డు మీద ఇంకో రెండు మీటర్లకి చోటుందన్నాడు.

"ఆషాఢం పోనియ్యండి, శ్రావణంలో పెట్టిద్దాం" అంది ఇల్లుగలావిడ. జాకెట్ల ఆవిడ గోడ క్యాలెండర్లో శ్రావణం ఎప్పుడొస్తుందో చూసుకుని, ఆ తారీఖు పక్కన మిషన్ చాక్‌పీసుతో ఓ గుర్తు పెట్టుకుంది.